నలభై ఐదు చింతగింజలు

31 జూలై 2024, బుధవారం

ఈ రోజుతో అయిపోయింది. ఈ హిందీ ఊరి కాలేజీలో పరుగు కోచ్‌గా ఇరవై తొమ్మిదేళ్ల నాలుగు నెలలు. శాలువా, బుట్టలో పళ్లు, ఒక గోడగడియారం ఇచ్చారు. స్టాప్‌వాచ్ మెడలో వేసుకుని బతికినవాడికి గోడగడియారం ఎందుకో అర్థం కాలేదు.

ప్రిన్సిపాల్ హిందీలో పన్నెండు నిమిషాలు మాట్లాడారు. నా గురించి నాలుగు, నా స్థానంలో వస్తున్న జ్యోత్స్న గురించి ఎనిమిది. చేతిలో వాచ్ ఉంది, చూశాను.

జ్యోత్స్న నా దగ్గర తయారైన పిల్లే. ఊరి బయట చెరువు పక్కన నేను కొలిచి వేసిన మరోదా కోర్సు మీద పది కిలోమీటర్లు 36 నిమిషాల 12 సెకన్లలో పరిగెత్తింది. 2006 నాటి ఆ రికార్డు ఇంకా నిలిచి ఉంది. అదే ఏడాది ఇంటర్ యూనివర్సిటీ క్రాస్ కంట్రీలో వెండి పతకం. తర్వాత కోచింగ్ డిప్లొమా. ఇప్పుడు డిసెంబర్ 31 దాకా కాంట్రాక్టు. పని నచ్చితే పర్మనెంట్ చేస్తారట.

మైకు తీసుకుని, రెండో సగం ఎలా పరిగెత్తాలో సర్ నేర్పారు, మిగతాదంతా నేను వేరేచోట నేర్చుకున్నాను అంది. అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. మొదటి ముక్కకా, రెండో ముక్కకా?

2 ఆగస్టు, శుక్రవారం

హిందీ పేపర్లో నా రిటైర్మెంట్ వార్త. సింగిల్ కాలమ్, ఆరు సెంటీమీటర్లు. అందులో, రెండో సగం సర్ సెలవు తీసుకున్నారు అని రాశారు. ఆ పేరు ఊరు పెట్టిందే. వేరే కోచ్‌ల పిల్లలు మొదటి ఐదు కిలోమీటర్లు దూకి తర్వాత కూలబడతారు. నా పిల్లలు రెండో ఐదు కిలోమీటర్లను మొదటిదానికంటే నలభై, యాభై సెకన్లు తక్కువలో ముగిస్తారు. ప్రతి ఏడూ, ప్రతి బ్యాచూ. అన్నీ నోటుబుక్కుల్లో ఉన్నాయి. పదిహేడు నోటుబుక్కులు.

6 ఆగస్టు

అదే పేపర్లో జ్యోత్స్న గురించి వార్త. మూడు కాలమ్‌లు. ఫోటో ఒక్కటే పద్నాలుగు సెంటీమీటర్లు. స్కేలు పెట్టి కొలుస్తుంటే మా ఆవిడ లక్ష్మీకుమారి చూసింది. మీకు కాలేజీ రిటైర్మెంట్ ఇచ్చింది, నాకెవరిస్తారు అంది.

11 ఆగస్టు, ఆదివారం

పొద్దున్నే జ్యోత్స్న ఇంటికి వచ్చింది. వట్టి చేతులతో రాలేదు, పవర్ హౌస్ బజారు నుంచి జిలేబీ తెచ్చింది. మా ఆవిడతో అరగంట కబుర్లు. ఏటమ్మా ఇలా చిక్కిపోయావు, పరిగెత్తేది పిల్లలా నువ్వా అని లక్ష్మి అడిగింది. ఇద్దరమూనండీ అంది.

తర్వాత నాతో, ఒకసారి మరోదా రండి సర్, కోర్సంతా కలిసి నడుద్దాం, మీకు ఒకటి చూపించాలి అంది. మోకాలు బాగాలేదన్నాను. ఆటోలో తీసుకెళ్తానంది. ఆ కోర్సు చక్రంతో కొలిచినవాణ్ణి నేను, రాళ్లు పాతినవాణ్ణి నేను, నా కోర్సు నువ్వు నాకు చూపిస్తావా అన్నాను.

సరే సర్ అని వెళ్లిపోయింది.

మోకాలు నిజంగానే నొప్పి. కానీ ఆటోలో వెళ్లలేనంత కాదు.

24 ఆగస్టు

టీమ్ వాట్సాప్ గ్రూపులోంచి నన్నింకా తీసెయ్యలేదు. పిల్లలు ప్రాక్టీస్ అయ్యాక బురద కాళ్లతో ఫోటో పెట్టారు. ఆరుగురు ఆడపిల్లలు, మధ్యలో జ్యోత్స్న. అందరి చేతికీ వాచీలు. దూరం కూడా అవే చూపిస్తాయట. నా హయాంలో వాచీలు నిషేధం. గడియారం కోచ్ మెడలో ఉండాలి, రన్నర్ చేతికి కాదు అనేవాణ్ణి.

ఆమెను దీదీ అంటున్నారు. నన్ను ఇరవై తొమ్మిదేళ్లూ సర్ జీ అన్నారు. ఒక్కరు కూడా నాతో అలా పళ్లు బయటపెట్టి ఫోటో దిగలేదు.

25 ఆగస్టు

ఫోటో మళ్లీ చూశాను. మూడుసార్లు.

8 సెప్టెంబర్, ఆదివారం

యర్రయ్య మార్కెట్లో కనిపించాడు. మా గ్రౌండ్స్‌మన్. 1998లో నాతో కోర్సు కొలిచినవాడు. ఏటి మేస్టారూ, ఇటేపే రావడం మానేసినారు, మేమేటైనా కాని పన్లు సేసినామా అన్నాడు. కొత్త మేడమ్ ఎలా ఉందన్నాను. నాకంటే ముందే గ్రౌండుకొచ్చేస్తాదండి, నాకే సిగ్గు అన్నాడు. నా గురించి ఎప్పుడూ అలా అనలేదు. అతని కంటే ముందు నేనెప్పుడూ రాలేదు, అది నిజమే.

ఇంకేదో చెప్పబోయి, మోకాలికి ఆవనూనె రాయండి అని వెళ్లిపోయాడు.

29 సెప్టెంబర్, ఆదివారం, ఉదయం 9:10

మరోదాలో మొదటి ట్రయల్. టైమ్‌లు గ్రూపులోకి వచ్చాయి.

మా టీమ్ అమ్మాయి బిందుప్రియ 37:22. మార్చిలో నా దగ్గర 36:40.

నలభై రెండు సెకన్లు స్లో. కాఫీ ఇంకో గ్లాసు అడిగి తాగాను.

అదే రోజు, మధ్యాహ్నం

ఆరుగురివీ నోటుబుక్కుతో పోల్చాను. ఆరుగురూ పడిపోయారు. అందరికంటే తక్కువగా పడిపోయినది 41 సెకన్లు, ఎక్కువగా 48. రెండు నెలల్లో! ఇరవై తొమ్మిదేళ్లు కట్టినదాన్ని రెండు నెలల్లో.

సంతోషంగా ఉంది. రాస్తున్నాను కాబట్టి దాచుకోను. నా పిల్లలు స్లో అయ్యారు, నాకు సంతోషంగా ఉంది.

6 అక్టోబర్

పవర్ హౌస్‌లో బిందుప్రియ నాన్నకు టార్పాలిన్ల షాపు. పని లేకపోయినా ఒక టార్పాలిన్ కొనడానికి వెళ్లాను. ఆ అమ్మాయి కౌంటర్లో ఉంది. తెలుగింట్లో పుట్టినదే గానీ మాట సగం హిందీ. స్లో అయ్యావేమ్మా అన్నాను. స్లో నేను కాలేదు సర్ జీ, టైమ్ స్లో అయిపోయింది, క్యా కరూఁ, ఏం చెయ్యను అని నవ్వింది. వెనకాల కుట్టుమిషను దగ్గరున్న దాని చెల్లెలూ నవ్వింది. మీ దీదీ ఇలాంటి జవాబులే నేర్పుతోందా అన్నాను. నవ్వు ఆపేసి, దీదీని ఏమీ అనకండి సర్ జీ, ఆమె మీ మాట తప్ప ఇంకో మాట చెప్పదు, సర్ ఇలా చెప్పేవారు, సర్ అలా చెప్పేవారు, వినీ వినీ చెవులు పక్ గయే అంది.

టార్పాలిన్ ఎందుకని లక్ష్మి అడిగింది. వాన వస్తే పనికొస్తుందన్నాను. అక్టోబర్‌లోనా అంది.

20 అక్టోబర్

రెండో ట్రయల్. బిందుప్రియ 37:16. ఇంకా 36 సెకన్లు వెనక.

3 నవంబర్, ఆదివారం

ప్రిన్సిపాల్‌కు ఉత్తరం రాశాను. ఒకటిన్నర పేజీ. విశేషణం ఒక్కటి లేదు. మార్చి టైమ్‌లు, సెప్టెంబర్ టైమ్‌లు, అక్టోబర్ టైమ్‌లు, తేడా. కోర్సు అదే, దూరం అదే, పిల్లలు వాళ్లే. మారినది ఒక్క కోచ్. ముగింపు మీరే చూసుకోండి అని రాశాను.

పోస్టు చేశాక లక్ష్మికి చెప్పాను. ఆ పిల్ల మీ కాళ్లకు దండం పెట్టింది కదండీ అంది. దండం వేరు, టైమ్ వేరు అన్నాను. అవును, మీకు రెండోదే తెలుసు అంది.

18 నవంబర్

కాలేజీ నుంచి ఫోన్. ముగ్గురితో కమిటీ వేశారు. జ్యోత్స్నను పిలిచి వివరణ అడిగారట. పిల్లలు కష్టపడుతున్నారు, కొంచెం సమయం ఇవ్వండి అని మాత్రమే అందట. వేరే కారణమేమైనా ఉందా అని రెండుసార్లు అడిగారట. లేదందట.

కారణం ఉంటే కదా చెప్పడానికి.

28 నవంబర్

డిసెంబర్ 8న కమిటీ ముందే ట్రయల్. ప్రిన్సిపాల్ వస్తారు. పరిశీలకుడిగా నన్ను రమ్మన్నారు. కాంట్రాక్టు పొడిగించాలా వద్దా అక్కడే తేలుస్తారు. ఇంటికి కారు పంపిస్తామన్నారు. నాలుగు నెలల తర్వాత ఎవరో నాకు కారు పంపిస్తామన్నారు.

షూ పాలిష్ చేసుకున్నాను. పది రోజుల ముందే.

7 డిసెంబర్, శనివారం, రాత్రి 8:00

పొద్దున్నుంచి జరిగినది వరసగా రాయాలి. లేకపోతే రేపు పొద్దున నాకు అనుకూలంగా గుర్తు పెట్టుకుంటాను.

ఒకరోజు ముందే కోర్సు చూద్దామని ఆటోలో మరోదా వెళ్లాను. ఆరున్నరకి దిగాను. స్టార్ట్ దగ్గర, కల్వర్టు మీద నేను వేయించిన తెల్ల గీత లేదు. గీకేసి ఉంది. గడ్డి మొలిచింది. వెనక్కి చూస్తే, చాలా దూరంలో, పాత చెక్‌పోస్టు పక్కన కొత్త గీత. తెల్లగా ఉంది.

మొదట ఏమనిపించిందో అదే రాస్తాను. దొరికింది అనిపించింది. నన్ను అడగకుండా నా కోర్సు మార్చేసింది, ఇది కూడా కమిటీలో పెట్టొచ్చు అనుకున్నాను.

యర్రయ్య సున్నం డబ్బాతో వచ్చాడు. రేపటి ట్రయల్‌కి గీతలు దిద్దుతున్నాడు. ఎవరు మార్చారన్నాను. అమ్మ మార్పించినాదండి, ఐదో కిలోమీటరు రాయి కూడా ఎనక్కి జరిపినాం అన్నాడు. ఎప్పుడు? ఆగస్టులో. ఎంత? రెండొందల ఇరవై మీటర్లు. ఎందుకు? యర్రయ్య డబ్బా కింద పెట్టాడు. మీకు సెప్పొద్దన్నాదండి, ముందు తనే సెప్తానంది, మీరు వినలేదంట అన్నాడు. ఆ అమ్మ కొలిసే చక్రం తెచ్చి మూడుమాట్లు నడిసింది, మూడుమాట్లూ అంతే వచ్చినాది, పిల్లల వాచీలు కూడా అంతే సెప్పినాయి అన్నాడు.

ఆ చక్రం స్టోర్‌రూములో ఉంది. తెమ్మన్నాను. మేస్టారూ మోకాలు అన్నాడు. తెమ్మన్నాను.

పాత గీత నుంచి నడిచాను. చక్రానికి మీటర్లు చూపించే చిన్న కిటికీ ఉంటుంది. యర్రయ్య పక్కనే నడిచాడు. పాత ఐదో రాయి పాతిన గుంత దగ్గర 4,998. నా కొలత సరిగ్గా ఉంది. ఆగి నవ్వాను కూడా. యర్రయ్య నవ్వలేదు.

చెరువు గట్టు, పంపుహౌస్, తుమ్మచెట్ల మలుపు, ఫినిష్. మూడు గంటల పది నిమిషాలు పట్టింది. కిటికీలో 9,780.

రాళ్ల మీద కూర్చున్నాను. యర్రయ్య కూడా కూర్చున్నాడు.

1998 జూన్ 14. నా ఇరవై ఎనిమిది అంగుళాల సైకిలు. ముందు చక్రం ఒక చుట్టు తిరిగితే రెండు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు. చక్రం చువ్వకు ఎర్రగుడ్డ కట్టి, నేను తోస్తూ చుట్లు లెక్కపెట్టాను. నూరు చుట్లు అవగానే నూరు అని అరుస్తాను, యర్రయ్య ఒక చింతగింజ డబ్బాలో వేస్తాడు. గింజలు లక్ష్మి ఇచ్చింది, ఆ వారం చింతపండు ఒలిచింది. ఒక గింజకు రెండు వందల ఇరవై మీటర్లు. పది కిలోమీటర్లకు నలభై ఐదు గింజలు, మీద నలభై ఐదు చుట్లు. ఫిల్మ్ రోల్ డబ్బా. అది ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

పంపుహౌస్ దగ్గర వాన పట్టుకుంది. లోపల దూరాం. సరిగ్గా నూరు దగ్గరే ఆగాం. వాన తగ్గాక బయటికొస్తూ ఆ నూటికి గింజ వేశామా లేదా అని నాకు అనుమానం వచ్చింది. ఒకటి వేశాను.

యర్రయ్య ఈ రోజు చెప్పాడు. నానప్పుడే సెప్పినాను మేస్టారూ, నానేసేసినానని. నువ్వు నాకు లెక్కలు నేర్పుతావా అన్నారు. నానూరుకున్నాను అన్నాడు.

అన్నాను. నాకు గుర్తుంది. ఇన్నాళ్లూ అది గుర్తు రాలేదు, ఈ రోజు వచ్చింది.

రెండో సగం సర్. ఒక గింజ ఎక్కువ పడింది, రెండో సగం రెండు వందల ఇరవై మీటర్లు తక్కువ. నలభై, యాభై సెకన్లు. ప్రతి ఏడూ, ప్రతి బ్యాచూ.

ఇంకో లెక్క కూడా ఉంది. మార్చిలో బిందుప్రియ పరిగెత్తినది 9,780. ఆ వేగంతో పూర్తి పదికి 37:29 పడుతుంది. సెప్టెంబర్‌లో ఆమె 37:22. అంటే జ్యోత్స్న చేతిలో ఏడు సెకన్లు ఫాస్ట్ అయింది. నేను నలభై రెండు సెకన్లు స్లో అని రాసి పోస్టు చేశాను. ఆరుగురు పిల్లలు ఇంచుమించు ఒకే లెక్కన పడిపోయారు. కోచ్ చెడ్డదైతే ఆరుగురూ ఒకే లెక్కన చెడిపోరు. ఆ అంకెలు రాసినవాణ్ణి నేనే. అడగవలసిన ప్రశ్న అడగలేదు. అంకెలు నాకు నచ్చాయి.

రాత్రి 8:40

జ్యోత్స్నకు ఫోన్ చేశాను. కోర్సు నడిచానని చెప్పాను. మోకాలు ఎలా ఉంది సర్ అంది.

కమిటీకి ఎందుకు చెప్పలేదన్నాను. ముందు మీకు చెప్పాలి కదా సర్, మీకు చెప్పకుండా మీ తప్పు వాళ్లకెలా చెప్తాను అంది. ఆగస్టులో ఒకసారి వచ్చాను, మళ్లీ రావలసింది, మీరలా అన్నాక నాకూ కోపం వచ్చింది, పంతానికి పోయాను అంది.

పిల్లలకు తెలుసా అన్నాను. తెలుసంది. ఆరుగురికీ, యర్రయ్యకూ, ఆమెకూ. నాకు తప్ప.

నీ రికార్డు కూడా పోతుంది అన్నాను. పోనీయండి అంది. వెండి పతకం పోదు కదా సర్, అక్కడ దూరం పూర్తిగానే ఉంది, రెండో సగం నాదే అనుకుని పరిగెత్తాను, నిజంగానే నాదైంది అంది.

అది నేను చెప్పవలసిన మాట. ఆమె ముందు చెప్పింది.

8 డిసెంబర్, ఆదివారం

కారు వచ్చింది. వెళ్లాను.

బిందుప్రియ 37:09. కమిటీ మనిషి నా ఉత్తరం తిప్పి, మార్చి కంటే ఇరవై తొమ్మిది సెకన్లు స్లో అన్నారు. జ్యోత్స్న నేల చూస్తోంది. నా వైపు చూడలేదు. ఆమె చూసి ఉంటే తేలికగా ఉండేది.

స్లో కాదు, ఇరవై సెకన్లు ఫాస్ట్ అన్నాను. నిన్నటి కొలత కాగితం ఇచ్చాను. చక్రం ఎవరు తోశారు, ఎక్కడ మొదలు, ఎక్కడ ముగింపు, ఎన్ని మీటర్లు. 1998లో ఏం జరిగిందో చెప్పాను. గింజ సంగతి హిందీలో చెప్పడం కష్టమైంది. ఇమ్లీ కా బీజ్ అంటే మొదట ఎవరికీ అర్థం కాలేదు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. బిందుప్రియ వాళ్లను మోచేత్తో పొడవడం చూశాను.

ప్రిన్సిపాల్ అడిగారు, అయితే మీ ఇరవై ఆరేళ్ల రికార్డులు? అన్నీ 9,780కి అన్నాను. ఒక్కటి కూడా పదికి కాదన్నాను.

ఎవరూ తిట్టలేదు. అదే కష్టంగా ఉంది. యర్రయ్య నన్ను కారు దాకా దింపాడు. మేస్టారూ, నాను కూడా గట్టిగా సెప్పాల్సింది అన్నాడు. నువ్వు చెప్పావు యర్రయ్యా అన్నాను.

9 డిసెంబర్

పదిహేడు నోటుబుక్కుల అట్టల మీద ఎర్ర ఇంకుతో రాశాను: దూరం 9,780 మీ. మధ్యాహ్నం దాకా పట్టింది. 2006 బుక్కు దగ్గర లక్ష్మి కాఫీ తెచ్చింది.

31 డిసెంబర్

జ్యోత్స్న పర్మనెంట్.

పేపర్లో ఫోటో పదహారు సెంటీమీటర్లు. ఈసారి కూడా కొలిచాను. రోగం ఒక్కరోజులో పోదు.

3 జనవరి 2025

ఫోన్ చేసింది. ఆదివారం మరోదా రండి సర్, ఐదో రాయి దగ్గర నిలబడి స్ప్లిట్‌లు, సగం దూరం టైమ్‌లు తియ్యాలి, పిల్లలు వాచీలు ఇంట్లో పెట్టి వస్తారు అంది. ఎందుకన్నాను. గడియారం కోచ్ మెడలో ఉండాలి కదా అంది. వెక్కిరింపా, గౌరవమా అడగలేదు.

5 జనవరి, ఆదివారం, ఉదయం 5:05

బీరువాలోంచి గింజల డబ్బా తీసి తెరిచి లెక్కపెట్టాను. నలభై ఐదు.

ఒకటి తీసి చొక్కా జేబులో వేసుకున్నాను. మళ్లీ లెక్కపెట్టాను.

నలభై నాలుగు.

బయట ఆటో హారన్.